కొర్రమీను గాలంతో పండుగప్పకు వెళితే లైన్ ఎందుకు తెగుతోంది?

బ్రదర్, చెరువులో కొర్రమీనుకు బాగా పనిచేసిన రాడ్, బ్రెయిడ్ లైనే (పోగులు అల్లిన సన్నని దారం) గోదావరి మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, పండుగప్పకు మూడుసార్లు తెగిందన్నారు. లైన్ నాసిరకం కాదు, టెన్షన్ పడకండి. తెగిన కొసను వేళ్ల మధ్య పెట్టి చూడండి. బ్లేడుతో కోసినట్టు ఉంటే అది మొప్పల కప్పు పనే. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా ఉంటుంది, మొదటిసారి నా వేలు కూడా తెగింది. అది గాల్లోకి ఎగిరి తల విదిలిస్తే బ్రెయిడ్ ఆగదు. లైన్ కొసకు, గాలానికి మధ్య 40 పౌండ్ల మోనో లీడర్ (మందపాటి ఒంటిపోగు నైలాన్ దారం) ఒక మీటరు కట్టండి.

రెండోది డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీల్ ఎంత తేలిగ్గా లైన్ వదలాలో సరిచేసే బిగింపు. కొర్రమీనును తామర తూళ్లలోంచి ఒక్కసారిగా లాగేయాలి కాబట్టి బిగించి ఉంచుతాం. పండుగప్పకు కాస్త వదలండి. ఎగరబోతుంటే రాడ్ కొసను నీళ్లకేసి దించండి.

ఇంకో తేడా సమయం. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, ఆ బుడగ చూసి ఫ్రాగ్ (కప్ప ఆకారపు ఎర) వేస్తాం. పండుగప్పకు మాత్రం పోటు, పాటు (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం) చూసుకోవాలి. పాటు తీసేటప్పుడు మడ అడవి కాలువలు పెద్ద నీటిలో కలిసేచోట నిలబడండి.

ఇంటికొచ్చాక రీల్‌ను మంచినీళ్లతో కడగండి, ఉప్పు తినేస్తుంది.

ఒక్క మనవి. పెద్ద పండుగప్పలు ఎక్కువగా ఆడవే, మగగా పెరిగి తర్వాత ఆడగా మారతాయి. వాటిని వదిలేయండి. ఎర్రటి పిల్లల గుంపును కాస్తున్న కొర్రమీను జోలికీ వెళ్లకండి.