డయలర్ జోలికి వెళ్లకముందు లైటు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత కంప్యూటర్లకి బ్రాడ్‌బ్యాండ్ పెట్టుకోవడం గురించే. అందుకని ఈ శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంది. ఇంట్లో కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. పాత కనెక్షన్‌తో వచ్చిన సీడీ దాచి ఉంచితే, అందులోని డయలర్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి నెట్‌కి కనెక్ట్ చేసే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించాను. కనెక్ట్ నొక్కిన ప్రతిసారీ 678 ఎర్రర్. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చి కొట్టినా అంతే. ఫోన్లలో మాత్రం నెట్ బాగానే వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: పాస్‌వర్డ్‌ని వదిలేయండి. 678 అంటే అవతలి నుంచి అసలు జవాబే రాలేదని అర్థం. పాస్‌వర్డ్ సరిచూసే దశ దాకా మీ కంప్యూటర్ వెళ్లనే లేదు. విండోస్ 7లో ఇదే పరిస్థితికి సాధారణంగా 651 అని వస్తుంది.

ఫోన్లలో నెట్ వస్తోందన్నారు కదా, కారణం అక్కడే ఉంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్ట్ అయ్యే పనిని మీ రూటరే చేసేసింది. కంప్యూటర్‌లోని డయలర్ మళ్లీ పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎన్నిసార్లు ఎక్కించినా ఫలితం మారదు.

కంట్రోల్ ప్యానెల్‌లో యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌కి వెళ్లి డయలర్‌ని తీసేయండి. రూటర్ నుంచి లాన్ కేబుల్ తెచ్చి కంప్యూటర్ వెనక పెట్టండి. ఆ సాకెట్ దగ్గర చిన్న లైటు వెలగాలి. వెలగకపోతే రూటర్‌లో వేరే పోర్టుకి మార్చండి, తర్వాత కేబుల్ మార్చండి. అప్పటికీ వెలగకపోతే లాన్ కార్డునీ (ఆ సాకెట్ ఉన్న భాగం) దాని డ్రైవర్‌నీ (దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) అనుమానించాలి. లైటు వెలగనంత వరకు స్క్రీన్ మీద ఏం మార్చినా వృథా శ్రమే. వెలిగాక లోకల్ ఏరియా కనెక్షన్ ప్రాపర్టీస్‌లో టీసీపీ/ఐపీ తెరిచి, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్‌ని గుర్తించే నంబరు) ఆటోమేటిక్‌గా తీసుకునేలా పెట్టండి. పాత కనెక్షన్ కోసం అక్కడ ఎప్పుడో నంబర్లు కొట్టి వదిలేసి ఉండొచ్చు. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్ ట్యాబ్ కూడా చూసి ‘నెవర్ డయల్ ఎ కనెక్షన్’ ఎంచుకోండి. అది మర్చిపోతే డయలర్ తీసేసినా డయల్ చేయమంటూ విండో వస్తూనే ఉంటుంది.

ఆ సీడీలకి ఒకప్పుడు నిజంగానే పని ఉండేది. బ్రాడ్‌బ్యాండ్‌లో లాగిన్ అవడానికి వాడే పీపీపీఓఈ పద్ధతిని 1999లో ప్రమాణంగా రాసి ప్రచురించారు. విండోస్ 98 అంతకు ముందుది, దానికి ఆ పద్ధతి తెలియదు. అందుకే విడిగా సాఫ్ట్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో అది లోపలే ఉంది. అంటే ఎక్స్‌పీ, ఆ తర్వాతి కంప్యూటర్లలో నేరుగా డయల్ చేయాల్సి వచ్చినా సీడీ అక్కర్లేదు. ఎక్స్‌పీలో అయితే ‘క్రియేట్ ఎ న్యూ కనెక్షన్’ నొక్కి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ని ఎంచుకుంటే సరిపోతుంది.

కానీ పాత కంప్యూటర్‌తో నేరుగా డయల్ చేయించవద్దని గట్టిగా చెబుతాను. మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో (తను లాగిన్ అవకుండా లైనుని కంప్యూటర్‌కి అందించే తీరులో) ఉండి కంప్యూటరే డయల్ చేస్తే, ఆ కంప్యూటర్ మామూలుగా బయటి ఇంటర్నెట్‌కి సూటిగా ఎదురుగా నిలబడుతుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వర్మ్ (తనంతట తనే పాకే వైరస్ లాంటిది) అలా దొరికిన విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 2000 కంప్యూటర్లలోకే దూరింది. వాటి యజమానులు ఏ ఫైలూ తెరవాల్సిన పని కూడా లేకపోయింది. ఎక్స్‌పీకి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. రూటర్ డయల్ చేస్తే, బయటి నుంచి పిలవకుండా వచ్చేవి చాలావరకు దాని దగ్గరే ఆగిపోతాయి. మీ ఇంట్లో ఇప్పటికే అలాగే ఉంది, దాన్ని మార్చకండి.

ప్రశ్న: మాది విండోస్ 7. మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లోనే ఉంది, కంప్యూటర్ నుంచే డయల్ చేస్తాం. నిన్నటిదాకా బాగానే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి 691 ఎర్రర్. డయలర్ తీసేసి మళ్లీ ఎక్కించాలా?

జవాబు: అక్కర్లేదు. 691 వచ్చిందంటే లైను, మోడెమ్, డయలర్ మూడూ పనిచేస్తున్నాయి. అవతలి సర్వర్ పలికింది, కానీ మిమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కరెంటు పోయినప్పుడు కనెక్షన్ పద్ధతిగా తెగకపోతే, మీరు ఇంకా లాగిన్ అయ్యే ఉన్నారని సర్వర్ అనుకునే అవకాశం ఉంది. మోడెమ్ స్విచ్ ఆపి పావుగంట అలాగే ఉంచి, అప్పుడు ప్రయత్నించండి.

అప్పటికీ రాకపోతే పాస్‌వర్డ్‌ని ముందు నోట్‌ప్యాడ్‌లో కొట్టి కళ్లతో చూడండి. క్యాప్స్ లాక్ పడి ఉండటం, నమ్ లాక్ ఆగిపోవడం, పాత కీబోర్డులో ఒక మీట సరిగా పడకపోవడం చుక్కల వెనక కనిపించవు. యూజర్‌నేమ్‌లో ‘ఎట్’ గుర్తు, దాని తర్వాతి భాగం ఉంటే అవీ పూర్తిగా కొట్టాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి ‘691 వస్తోంది, నా పాత సెషన్ (తెగకుండా ఉండిపోయిన లాగిన్) క్లియర్ చేయండి, ఖాతా చెల్లుబాటులో ఉందో చూడండి’ అని ఇవే మాటల్లో అడగండి. ‘నెట్ రావట్లేదు’ అంటే మళ్లీ కేబుల్ దగ్గర్నుంచి మొదలుపెట్టిస్తారు.

ప్రశ్న: కనెక్టెడ్ అనే చూపిస్తోంది. కానీ ఏ సైటు తెరిచినా సెక్యూరిటీ హెచ్చరిక వస్తోంది. కంప్యూటర్‌కి వైరస్ పట్టిందంటున్నారు, నాకు చాలా టెన్షన్‌గా ఉంది. అందులో మనవళ్ల ఫొటోలన్నీ ఉన్నాయి.

జవాబు: అమ్మా, ముందు స్క్రీన్ కింద కుడి మూలన ఉన్న గడియారం మీద మౌస్ పెట్టి తేదీ చూడండి. ఏళ్ల కిందటి తేదీ కనిపిస్తే అసలు సంగతి అదే. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ పాత కాలంలో ఉంటే ఈనాటి సర్టిఫికెట్లు దానికి ఇంకా మొదలు కానట్టే లెక్క. తేదీ సరిచేసి బ్రౌజర్ మూసి తెరవండి. ప్లగ్ తీసి పెట్టినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032 రకం. కరెంటు పూర్తిగా తీసేసి మార్చడం తెలిసినవాళ్లకి చిన్న పని.

తేదీ సరిగానే ఉన్నా హెచ్చరికలు పోకపోతే బ్రౌజర్ పాతబడింది. ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఇప్పటి సైట్లు అడిగే టీఎల్ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి రాదు. ఎక్స్‌పీకి వచ్చిన చివరి క్రోమ్ 49, విండోస్ 7కి చివరిది 109. ఇలాంటి వాటిలో వార్తలు చదివితే చదవండి, బ్యాంకు పని మాత్రం దయచేసి చేయకండి. 1 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు యాంటిఎక్స్ లాంటి తేలికపాటి లినక్స్ (ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టించుకోవచ్చు, 32 బిట్ కంప్యూటర్లకీ అది దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా డీవీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నడిపి, లాన్ కార్డుని గుర్తుపడుతోందో లేదో ముందే చూసుకోవచ్చు.

ఇవన్నీ తర్వాత. ఈ రోజే ఆ ఫొటోలని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి, మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. పాత హార్డ్‌డిస్క్ చెప్పి పాడవదు. కాపీ మీ చేతికి వచ్చేదాకా ఎవరు ఫార్మాట్ కొడతానన్నా ఒప్పుకోవద్దు.

ప్రశ్న: మీరు ఇంతకుముందు చెప్పినట్టే డయలర్ తీసేశాను. దాంతో ఉన్న నెట్ కూడా పోయింది. లైటు వెలుగుతోంది, మాది ఎక్స్‌పీ.

జవాబు: కొన్ని పాత డయలర్లు విండోస్ నెట్‌వర్క్ భాగాల మధ్యలోకి చొరబడి కూర్చునేవి. తీసేసినప్పుడు ఆ లంకెని తిరిగి కలపకుండా పోతాయి. స్టార్ట్‌లో రన్ నొక్కి సీఎండీ (cmd) తెరిచి, ‘నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్’ (netsh winsock reset) ఆదేశాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఎక్స్‌పీకి వచ్చిన పెద్ద అప్‌డేట్ సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఈ ఆదేశం ఉంది. తర్వాత ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొట్టి చూడండి. 192.168తో మొదలయ్యే అడ్రస్ ఉంటే చాలావరకు రూటర్‌తో మాట కలిసినట్టే. 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదు. అప్పుడు లోకల్ ఏరియా కనెక్షన్ ప్రాపర్టీస్ జాబితాలో డయలర్ పేరుతో ఏదైనా మిగిలిందేమో చూసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వాడటం మానేసిన ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్నీ తీసేయండి.

ప్రశ్న: కొత్త రూటర్ వైఫై పేరు మా పాత ల్యాప్‌టాప్‌లో కనిపించడమే లేదు.

జవాబు: పాత వైఫై కార్డులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంటే పేరు కనిపించదు, 2.4 గిగాహెర్ట్జ్ కూడా ఆన్ చేయండి. పేరు కనిపించి కనెక్ట్ కాకపోతే రూటర్ వైఫై సెక్యూరిటీ పద్ధతిని డబ్ల్యూపీఏ3 నుంచి, దానికంటే పాతదైన డబ్ల్యూపీఏ2కి మార్చండి. ఎక్స్‌పీ అయితే డబ్ల్యూపీఏ2 కోసం సర్వీస్ ప్యాక్ 3, లేదా సర్వీస్ ప్యాక్ 2 మీద దానికి వచ్చిన విడి అప్‌డేట్ ఉండాలి. పాస్‌వర్డ్ లేని ఓపెన్ మోడ్‌లో మాత్రం పెట్టకండి. ల్యాప్‌టాప్ ఒకేచోట ఉండేదైతే లాన్ కేబులే నయం.