దసరా బోనస్‌తో పెట్రోల్ యుద్ధవిమానం కొనొచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం, నెలకు 1,05,000 చేతికి వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 28,000, ఇంకా 11 ఏళ్లు కట్టాలి. ఇంటి ఖర్చు 45,000, సిప్ 10,000. ఎఫ్‌డీ 6 లక్షలు ఉంది. పాప పదో తరగతి, ఇంటర్‌కి ఏడాదికి లక్షన్నర అవుతుందంటున్నారు. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిందే. ఆరేళ్లుగా ఆర్‌సీ విమానాలు (రిమోట్‌తో నడిపే మోడల్ విమానాలు) ఎగరేస్తున్నాను, రెండేళ్ల నుంచి 20 సీసీ పెట్రోల్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల మోడల్) నడుపుతున్నాను. ఇప్పుడు 55 సీసీ ఇంజిన్, 85 అంగుళాల రెక్కలున్న పీ-51 ముస్టాంగ్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధవిమానం) మోడల్ మీద మనసు పడింది. చెన్నై ఏజెంట్ ఒకరు విమానం, ఇంజిన్ కలిపి 2,30,000కి తెప్పిస్తాననీ, ముందు 60,000 కట్టమనీ అంటున్నారు. హైదరాబాద్‌లో తెలిసినాయన తన పాత కోర్సెయిర్‌ని (అదీ ఆ కాలపు యుద్ధవిమానం మోడలే) ఇంజిన్, సర్వోలతో (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) సహా 1,40,000కి ఇస్తానంటున్నారు. దసరాకి బోనస్ 1,80,000 వస్తుంది. మిగతాది పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా? ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదా అంటోంది మా ఆవిడ.

జవాబు: లోన్ వద్దు, ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. విమానం కొనుక్కోండి, కానీ ముస్టాంగ్ కాదు, దసరాకి కాదు.

ముందు మీ ఎఫ్‌డీ సంగతి. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 73,000. ఉద్యోగానికి ఏదైనా అయితే ఆరు నెలలు నెట్టుకురావడానికి 4,38,000 కదలకుండా ఉండాలి. మిగిలేది 1,62,000. అది వచ్చే జూన్‌లో పాప ఫీజు. అంటే పేరుకి 6 లక్షలున్నా అందులో విమానానికి పైసా లేదు. ఎఫ్‌డీ మీద లోన్ తీసుకున్నా ఇదే మాట. వడ్డీ పర్సనల్ లోన్ కన్నా తక్కువే, కానీ తాకట్టు పెడుతున్నది పాప ఫీజునే.

ఏజెంట్ చెప్పిన 2,30,000 దగ్గరా ఖర్చు ఆగదు. ఆ సైజు విమానానికి గట్టి సర్వోలు తొమ్మిదైనా కావాలి, ఒక్కోటి 4,000 వేసుకున్నా 36,000. ముడుచుకునే చక్రాల సెట్ ఆ ధరలో ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఇంకో 35,000 అనుకోండి. ఇగ్నిషన్‌కి ఒక బ్యాటరీ, రిసీవర్‌కి ఇంకోటి, స్విచ్‌లు, ప్రొపెల్లర్, స్పిన్నర్ కలిపి 20,000. మొత్తం 3,20,000 దాటుతుంది. బోనస్ పోను 1,40,000కి మూడేళ్ల పర్సనల్ లోన్ 14 శాతానికి తీసుకుంటే నెలకు సుమారు 4,785 చొప్పున కట్టాలి, వడ్డీయే 32,000 పైన అవుతుంది. విమానం మూడో ఆదివారమే తుప్పల్లో పడి ముక్కలైనా బ్యాంకు మాత్రం 36వ వాయిదా దాకా వదలదు. అప్పు చేసి కొనకూడని వస్తువు ఏదంటే నేను ముందు ఇలాంటిదే చెబుతాను.

ఇందులో పెట్టే డబ్బు రెండు రకాలు. విమానం పడినా మిగిలేది ఒకటి, విమానంతో పాటే పోయేది ఇంకొకటి. ఇంజిన్, ఇగ్నిషన్, ట్రాన్స్‌మిటర్ చాలావరకు మిగులుతాయి, సర్వోల్లో సగమైనా బతుకుతాయి. బాల్సా చెక్క బాడీ, రెక్కలు, చక్రాల సెట్, ప్రొపెల్లర్ పోతాయి. కాబట్టి మిగిలేవాటి మీద ధైర్యంగా ఖర్చు పెట్టండి. పోయేవాటి మీద పెట్టే మొత్తం ఒక్క సాయంత్రంలో సున్నా అయిపోయినా ఇంట్లో ఎవరి ముఖం మాడకుండా ఉండాలి. మీ ఇంటి లెక్కల్లో ఆ హద్దు లక్ష దగ్గర ఉందని నా అంచనా.

ముస్టాంగ్ వద్దనడానికి కారణం ఇదే. చూడ్డానికి దానంత అందమైనది లేదు, ఒప్పుకుంటాను. కానీ పది కిలోల మోడల్ దిగేటప్పుడు వేగం కొంచెం తగ్గితే చాలు, ఒక రెక్క చివర లిఫ్ట్ (పైకి లేపే బలం) పోయి అటే ఒరిగిపోతుంది. మీకు ట్రైనర్ అలవాటు. ట్రైనర్ క్షమించినట్టు ఇది క్షమించదు. పైగా ముక్కు సన్నం కాబట్టి 55 సీసీ ఇంజిన్ సిలిండర్, సైలెన్సర్ పట్టాలంటే కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) కోయాలి. మొదటి పెద్ద యుద్ధవిమానంగా పీ-47 థండర్‌బోల్ట్ మేలు. ముక్కు గుండ్రంగా, లావుగా ఉంటుంది కాబట్టి ఇంజిన్ లోపలే దాక్కుంటుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువ, దిగాక పక్కకి పడిపోయే భయం తక్కువ. మన వైపు చరిత్ర కావాలన్నా ఇదే దగ్గరది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా మీద ఎగిరిన బ్రిటిష్ దళాల దగ్గర థండర్‌బోల్ట్‌లు ఉండేవి. మన వాళ్లు అక్కడే హరికేన్లు నడిపారు.

కోర్సెయిర్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ముక్కు గుండ్రమే, రెక్క వంపు వల్ల చక్రాల కాళ్లు పొట్టివే. చిక్కంతా ఆ కాళ్లు మడిచే పద్ధతిలో ఉంది. అసలు విమానంలోలాగే మోడల్‌లోనూ కాలు 90 డిగ్రీలు తిరుగుతూ వెనక్కి ముడుచుకుంటుంది. మట్టి, గడ్డి ఉన్నచోట నాలుగు సార్లు గట్టిగా దిగితే ముందు అరిగేది ఆ మెలిక తిరిగే భాగమే. హైదరాబాద్ వెళ్లి చూసినప్పుడు చక్రాలు పదిసార్లు ముడిచి తెరిపించండి. ఆ కాళ్లు బిగించిన చెక్క దిమ్మెల దగ్గర పగుళ్లున్నాయేమో టార్చ్ వేసి చూడండి. ఇంజిన్ బిగించి ఉన్న ముక్కు దగ్గరి చెక్క పలక ఆయిల్ పీల్చి మెత్తబడి ఉంటే బేరం అక్కడే వదిలేయండి. ఇంజిన్‌ని మీరు వెళ్లాక చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి, ముందే వేడి చేసి ఉంచితే లోపం తెలియదు. పాత బ్యాటరీలకి విలువ కట్టొద్దు, సర్వోలకి సగమే కట్టండి. అలా లెక్కేస్తే 1,40,000 అన్నది 1,15,000 దగ్గర తేలాలి. దిగకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. పాత థండర్‌బోల్ట్ దొరికేదాకా ఆగినా నష్టం లేదు.

ఏజెంట్‌కి మాత్రం అడ్వాన్స్ ఇవ్వొద్దు. సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. అంత పెద్ద పెట్టెకి రవాణాయే తడిసి మోపెడవుతుంది. పైగా 2022 ఫిబ్రవరి 9 నుంచి పూర్తి డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, విడిభాగాలకి లేదు. మీ పెట్టెని కస్టమ్స్ వాళ్లు ఏ లెక్కలో వేస్తారో ముందు తేలాలి. సరుకు దేశంలోనే ఉండి, జీఎస్టీ బిల్లు ఇస్తానంటేనే మాట్లాడండి.

ఇక డబ్బు సర్దుబాటు. మొదట బోనస్‌లోంచి 28,000 పక్కన పెట్టి కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ తీసుకోండి. కంపెనీ ఇచ్చింది ఉద్యోగంతో పాటే పోతుంది. మిగిలేది 1,52,000. ఖర్చులన్నీ పోను నెలకు 22,000 మిగులుతోంది కదా, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు కూడబెడితే 66,000. సంక్రాంతి నాటికి 2,18,000 చేతిలో ఉంటుంది. ఈలోపు తుపాన్ల కాలమూ దాటిపోతుంది. అందులో 1,15,000 విమానానికి, 40,000 కొత్త బ్యాటరీలకి, మరమ్మతులకి. మిగతా 63,000లో సగం పెట్టి మీ ఆవిడ అడిగిన బంగారం కొనండి. సలహాదారుగా బంగారాన్ని నేనేమీ గొప్ప పెట్టుబడి అనను, కానీ మీ ఇంట్లో శాంతికి అది చవక. మిగిలిన సగం విడి ఖాతాలో వేసి, నెలకు 4,000 చొప్పున కలుపుతూ వెళ్లండి. విమానం పడితే ఆ ఖాతాలోంచే బాగు చేయించాలి. అందులో డబ్బు లేకపోతే విమానం అటక మీదే.

పెట్రోల్ గురించి మీ ఇంట్లో అడిగితే ధైర్యంగా చెప్పండి, ఆదివారం నాలుగు సార్లు ఎగరేసినా రెండు లీటర్లకి అటూ ఇటూ. టూ-స్ట్రోక్ ఆయిల్ ఖర్చు కూడా అంతంతే. కాకపోతే ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్ తేమని పీలుస్తుంది. మన విశాఖ గాలికి అది ఇంకా ఎక్కువ. ఎగరేశాక ట్యాంక్ ఖాళీ చేసి, కార్బురేటర్‌లో ఉన్నది కూడా అయిపోయేదాకా ఇంజిన్ నడపండి. లేకపోతే కార్బురేటర్‌లోని డయాఫ్రమ్ (పల్చటి పొర) గట్టిపడి గాల్లోనే ఇంజిన్ ఆగిపోతుంది. ఇంజిన్ ఆగిన యుద్ధవిమానాన్ని దింపడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరు రాయనిది ఒకటి అడుగుతాను. ఎక్కడ ఎగరేస్తారు? విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో ఉంది, గాజువాకకి అది ఎంత దూరమో మీకే తెలుసు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఊళ్లోనే ఉంది. భోగాపురం విమానాశ్రయం వల్ల ఇక అటు వైపూ చూసుకోవాలి. 25 కిలోల లోపు ఉండి, కంటికి కనిపించేంత దూరంలో సరదాకి ఎగరేసేదాన్ని 2021 డ్రోన్ నిబంధనలు మోడల్‌గా గుర్తిస్తాయి, టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్‌కి ప్రభుత్వ ఆమోదం) అడగవు. ఆకాశంలో ఎరుపు, పసుపు జోన్ల (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోట్లు) హద్దులు మాత్రం మీకూ వర్తిస్తాయి. ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ గ్రౌండ్ ఏ రంగులో ఉందో చూడకుండా ఒక్క రూపాయి పెట్టొద్దు. అమ్ముడుపోని లేఅవుట్ రోడ్ల మీద ఎగరేస్తుంటే అక్కడ ఇళ్లు లేచాక ఏం చేస్తారో కూడా ఆలోచించండి.

అవే నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో రకానికి తప్ప థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. పది కిలోల బరువు, 22 అంగుళాల ప్రొపెల్లర్ గంటకి వంద కిలోమీటర్ల వేగంతో ఎవరి మీదైనా పడితే మీ ఎఫ్‌డీ, ఇల్లు ఏవీ చాలవు. ప్రీమియం ఎంతైనా ఆ నెల 4,000లోంచే కట్టండి.

చివరిగా మీ కారు. ఏ కారో రాయలేదు. ఈ సైజులో రెక్కలు రెండు ముక్కలుగా ఊడొస్తాయి కానీ బాడీ ఆరడుగుల దాకా ఒకే ముక్క. హైదరాబాద్ బయలుదేరే ముందు వెనక సీటు మడిచి, డ్యాష్‌బోర్డ్ నుంచి డిక్కీ తలుపు దాకా టేపు పెట్టి కొలవండి. పట్టకపోతే వచ్చేటప్పుడు వ్యాన్ బాడుగ కూడా బేరంలో కలుపుకోండి.