పోటీలు మానేశాక ఆ బృందంలో నాకేం పని?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. హైదరాబాదులో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. 14 ఏళ్లుగా మా పరుగు బృందంతో నెక్లెస్ రోడ్డులో సాధన చేస్తూ హాఫ్ మారథాన్ పోటీల్లో పాల్గొన్నాను. మోకాలి మృదులాస్థి అరిగిందని, నడక, నెమ్మది పరుగు తప్ప ఇక పోటీలు వద్దని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి బృందానికి ముఖం చాటేశాను. ఆదివారాలు మిత్రులు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. "ఇప్పటికైనా ఇంటిపట్టున ఉంటున్నారు" అని నా భార్య అంటే కసురుకున్నాను. పరుగెత్తలేనివాడికి అక్కడేం పని?

జవాబు: మీ బాధ చిన్నది కాదు. ఇన్నేళ్లు తెల్లవారకముందే మిమ్మల్ని నిద్ర లేపింది పతకం ఒక్కటే అయి ఉండదు. మీరు రాకపోతే ఏమైందని అడిగే పదిమంది అక్కడ ఉన్నారన్న ధీమా కూడా. మోకాలు మీ వేగాన్ని మాత్రమే తీసుకుంది. ఆ పదిమందిని దూరం చేసుకుంటున్నది మీరే.

వెళ్లండి, కానీ చూడడానికి కాదు, ఒక పని ఒప్పుకుని వెళ్లండి. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిని, ముఖ్యంగా నలభై దాటాక వచ్చిన ఆడవారిని, ఆయాసంకన్నా ఎక్కువగా వేధించేది అందరికంటే వెనకబడతామేమోనన్న బిడియం. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున సాగే ఆ చివరి గుంపు వెనకే మీరు నడిస్తే, వారిలో ఎవరూ ఆఖరివారు కారు. మీ డాక్టరు అనుమతించిన వేగం కూడా దాదాపు అదే. ఆగస్టు ఉక్కలో, హైదరాబాదు ఫ్లైఓవర్ల ఎత్తుల మీద ఊపిరి ఎలా కాపాడుకోవాలో 14 ఏళ్లు శరీరంతో నేర్చుకున్న మీరు చెబితే, వారికి అది పుస్తకంలో దొరకని పాఠమవుతుంది.

ట్రాక్ పోటీల్లో చుట్లు లెక్కించే పని కూడా ఉంది. 10,000 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద 25 చుట్లు. ముందున్నవారు వెనకబడినవారిని దాటేశాక ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నారో తేల్చేది రాసుకునేవారి శ్రద్ధే. ఒక్క చుట్టు పొరబడితే ఒక పిల్ల ఏడాది శ్రమ వృథా అవుతుంది. మీ జిల్లా అథ్లెటిక్స్ సంఘంలో అడిగి చూడండి.

ఒక జాగ్రత్త. తొలి నెలల్లో ముగింపు గీత దగ్గర పని తీసుకోకండి. నిన్నటివరకు మీ వెనక వచ్చినవారు చేతులెత్తి గీత దాటుతుంటే గుండె కలుక్కుమంటుంది. అందులో తప్పేమీ లేదు కానీ, గాయం పచ్చిగా ఉన్నప్పుడు అది అవసరం లేదు. దారి మధ్యలో మంచినీళ్లు అందించే చోటు మేలు.

ఇక మీ శ్రీమతి మాట. అది ఎత్తిపొడుపు కాదని నా నమ్మకం. 14 ఏళ్ల ఆదివారాలు ఆమె ఒంటరిగా గడిపారు. ముందు ఆమెకు క్షమాపణ చెప్పి, నెలలో ఏ రెండు ఆదివారాలు బృందానికి, ఏ రెండు ఇంటికి అన్నది ఆమెతో కూర్చుని నిర్ణయించుకోండి. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది.

వచ్చే ఆదివారం ఫోన్ మోగితే ఎత్తి, పరుగెత్తలేనని దాచకుండా చెప్పి, నాకేదైనా పని ఇవ్వండని అడగండి.