నాయనమ్మకు ఎనభై నిండుతున్నాయంటే ముందు నాయనమ్మనే అడుగు

అమ్మడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నాయనమ్మకు ఎనభై నిండుతున్నాయి, నెల్లూరులో ఏసీ హాలు మాట్లాడుతున్నాం, మూడు వందల మంది, ఎల్‌ఈడీ స్క్రీను, వెండి కిరీటం, ఇంకేం చేస్తే బాగుంటుందో చెప్పు పెద్దమ్మా అన్నావు. సంతోషం. కానీ అంతసేపు మాట్లాడావు గదా, అందులో నాయనమ్మ అన్న మాట ఒక్కటీ లేదు. సర్‌ప్రైజ్ అన్నావు. ఎనభై ఏళ్ళ మనిషికి సర్‌ప్రైజ్ వద్దు తల్లీ. ఆ వయసులో రేపు ఎక్కడుంటామో, ఎన్నింటికి తింటామో, బాత్రూమ్ ఎంత దూరమో ముందే తెలిస్తేనే రాత్రి నిద్ర పడుతుంది. పైగా తన పండగ కోసం నెల రోజులు ఎదురుచూసే సంబరం కూడా ఆమెకు లేకుండా చేస్తున్నారు.

ఇదే తప్పు నేను మా అమ్మకు చేశాను కాబట్టి చెప్తున్నా. 2011లో, మీ అమ్మమ్మకు ఎనభై వచ్చినప్పుడు. నువ్వు చిన్నపిల్లవి, ఐస్‌క్రీమ్ తప్ప ఏదీ గుర్తుండదు. పెద్ద హాలు తీసుకున్నాం, అద్దెకు తెచ్చిన సింహాసనం లాంటి కుర్చీలో పొద్దున పదింటికి అమ్మను కూర్చోబెట్టాం. ఆ కుర్చీ ఎంత ఎత్తంటే ఆమె కాళ్ళు నేలకు ఆనలేదు. జరీ పట్టుచీర బరువు, మెడలో దండ బరువు, ఎదురుగా కళ్ళలోకి కొట్టే లైట్లు. వచ్చినవాళ్ళు కాళ్ళకు మొక్కడం, శాలువా కప్పడం, ఫొటో దిగడం, పోవడం. సౌండ్ బాక్సుల మోతకు ఎవరేం అంటున్నారో ఆమెకు వినిపించలేదు, అందరికీ తల ఊపింది. షుగర్ మాత్ర వేసుకుని గంటన్నర అయినా ఫొటోలవాళ్ళు వదల్లేదు, చెమటలు పట్టి తల వాల్చేసింది, నోట్లో చక్కెర వేసి పక్క గదిలో పడుకోబెట్టాం. ఆ రాత్రి ఇంట్లో మంచం మీద శాలువాలు ఒక్కొక్కటే మడత పెడుతూ నన్నడిగింది, "మా బావికాడ ఆమెను పిలిచారా?" అని. పిలవలేదు. ఆ ముసలామె ఒకతి ఉందని మాకెవరికీ తట్టనే లేదు. నలభై ఏళ్ళు ఒకే బావిలో నీళ్ళు చేదుకున్నారు వాళ్ళిద్దరూ. అమ్మ ఇంకేం అనలేదు, మడత పెట్టడం ఆపలేదు. ఆ తర్వాత రెండేళ్ళే ఉంది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకని నువ్వు హాలుకి అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చెయ్. ఊరికి పోయి నాయనమ్మ పక్కన కూర్చుని, ఆమె ఎవరెవరిని చూడాలనుకుంటోందో అడిగి రాసుకో. మీ నాన్న ఆఫీసువాళ్ళ పేర్లు ఆమె చెప్పదు. ఆమె చెప్పేవాళ్ళు వేరే ఉంటారు: నాట్లకు కలిసి పోయినవాళ్ళు, ఒకే ఏడాది ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, పురుళ్ళకు తోడున్నామె. వాళ్ళలో కొందరు పోయి ఉంటారు, కొందరు కూతుళ్ళ దగ్గర ఉంటారు. ఉన్నవాళ్ళను వెతికి కారు పంపించి పిలిపించు. మూడు వందల మంది భోజనాల ఖర్చులో ఇది ఎంత?

మా అత్తకు నేను అట్టా చేశాను, 2016లో. ఇంటి వసారాలోనే. కావలి అవతల నుంచి ఇద్దరిని, పక్క ఊరి నుంచి ఒకామెను కార్లో తెప్పించాం. అందులో ఒకామెకు చూపు పూర్తిగా పోయింది. వచ్చి కూర్చుని మా అత్త చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర్నుంచి వేళ్ళ దాకా తడిమింది, కొడవలి తెగి వంకర అతుక్కున్న చూపుడువేలు దగ్గర ఆగి, "నువ్వేనా మే" అంది. అంతే, ఇద్దరూ ఒకటే ఏడుపు, తర్వాత ఒకటే నవ్వు. మధ్యాహ్నం మూడు దాకా వాళ్ళ మాటలకు అంతు లేదు. మేం, మనవళ్ళు, మనవరాళ్ళు అందరం గడప దగ్గర కూర్చుని విన్నాం. మా అత్తకు అన్ని పాటలు వచ్చని నాకు అప్పుడే తెలిసింది, ముప్పై ఐదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా.

ఇంకో సంగతి, ఎవరూ పైకి అనరు గానీ మీ అమ్మానాన్నల దగ్గర నువ్వే ఎత్తాలి. తాత లేడు. మన ఇళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషి శుభకార్యంలో తనంతట తానే వెనక్కి పోయి నిలబడుతుంది, ఎవరూ పొమ్మనక్కర్లేదు. ఆమెది వ్యయ నామ సంవత్సరం, 1946 ఉగాదికీ 1947 ఉగాదికీ మధ్య పుట్టిందన్నమాట. మనకు అరవై ఏళ్ళ పేర్లూ ఒక చుట్టు తిరిగి పుట్టిన ఏడాది పేరు మళ్ళీ వస్తేనే గదా షష్టిపూర్తి. ఆమె వ్యయ 2006లో మళ్ళీ వచ్చింది, అప్పటికి తాత పోయి ఏడాది కూడా కాలేదు, ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. దంపతులకైతే అరవైకి మళ్ళీ పెళ్ళి చేసినంత హడావిడి చేస్తాం, ఒంటరిగా మిగిలిన మనిషికి ఏమీ ఉండదు. ఇన్నేళ్ళకు ఇప్పుడు చేస్తున్నారు, కాబట్టి ఈసారి ఆమె స్థానం ముందు వరసలోనే అని మీరు ముందే గట్టిగా అనుకోండి. దీపం ఆమె చేతే వెలిగించండి. మొదటి అక్షింతలు ఆమె చేతే వేయించుకోండి. "నేనెందుకు లేమ్మా, పెద్ద కోడల్ని వెలిగించమను" అంటుంది, కచ్చితంగా అంటుంది. ఒకసారి బతిమాలు, రెండోసారి బతిమాలు. అయినా ఇబ్బంది పడుతుంటే బలవంతం వద్దు, ఆమె చెయ్యి నీ చేతిలో పెట్టుకుని ఇద్దరూ కలిసి వెలిగించండి. బంధువుల్లో ఎవరైనా గొణిగితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతా.

సహస్ర చంద్ర దర్శనం అని పంతులుగారు అన్నారన్నావు. వెయ్యి పున్నములు చూసిన మనిషికి చేసేది అది. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29న్నర రోజులు, ఆ లెక్కన వెయ్యి పున్నములంటే దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు. కొందరు ఎనభై నిండగానే చేస్తారు, కొందరు ఆగి చేస్తారు, అది మీ పంతులుగారితో తేల్చుకోండి. నేను చెప్పేది ఏమిటంటే తొందర లేదు. మే నెల ఎండలో మాత్రం పెట్టుకోవద్దు, మన వైపు వడగాలికి పెద్దవాళ్ళు తట్టుకోలేరు. వేరే నెలలో మంచి రోజు చూడండి. హోమం చేస్తే పొగ లేని వైపు ఆమె కుర్చీ వెయ్యండి, రెండు గంటలు పీట మీద కూర్చోబెట్టవద్దు.

వంట దగ్గరికొస్తే, క్యాటరింగ్‌వాళ్ళు ఇరవై రకాలు పెడతారు, ఆమె వాటిలో రెండు కూడా తినదు. ముందురోజు ఇంట్లో చేపల పులుసు ఆమె చేత పెట్టించు. ఆమె నిలబడక్కర్లేదు, పొయ్యి పక్కన స్టూలేసి కూర్చోబెట్టి నువ్వు చెయ్యి, ఆమె చెప్తుంది. చింతపండు ఎంత చిక్కన, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, చేప వేశాక గరిటె పెట్టకుండా గుడ్డతో దాక అంచులు పట్టుకుని ఎట్టా తిప్పాలి, ఇదంతా చూసి నేర్చుకోవాల్సిందే, పుస్తకంలో రాదు. మన పులుసు మర్నాటికే రుచి కాబట్టి పూజా అదీ ఉంటే ఆ రోజు వదిలేసి తర్వాత రోజు తినండి. "నాయనమ్మా, ఉప్పు చూడు" అని నువ్వు గరిటెడు ఆమె అరచేతిలో పోసినప్పుడు ఆమె మొహం చూడు. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఏదీ అడగలేదు, తిన్నావా, మాత్ర వేసుకున్నావా అన్న రెండూ తప్ప.

వీడియో తీయిస్తామన్నావు గదా, డ్రోన్ వదిలెయ్. ఆమె మాట రికార్డు చెయ్యి. ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఫ్యాను ఆపి, ఒక్క అరగంట, పొద్దున కాఫీ తాగాక. "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఏముందమ్మా చెప్పడానికి అంటుంది. చిన్న చిన్నవి అడగాలి. ఆమె పుట్టిల్లు కందుకూరు వైపు. ఆమె పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, నెల్లూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1970లో ఆ తాలూకాను కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో దాని పేరు ప్రకాశం అయింది, 2022లో కందుకూరును తిరిగి నెల్లూరుకు ఇచ్చారు. "నీది ఏ జిల్లా నాయనమ్మా" అని అడుగు, గంట చెప్తుంది. 1984 నవంబరు తుపానుకు పిలకాయల్ని పెట్టుకుని ఎక్కడ తలదాచుకున్నారో అడుగు. అన్నిటికన్నా ముఖ్యం, సారా పోరాటం అడుగు. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టింది జిల్లా అంతా అంటుకుని, చివరికి రాష్ట్రంలో 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మీ నాయనమ్మ అప్పుడు మీ ఊళ్ళో చీపురు కట్ట పట్టుకుని సారా దుకాణం ముందు కూర్చున్నవాళ్ళలో ఒకతి, నాకు మీ అమ్మ చెప్పింది. మీ నాన్నకు కూడా సగమే తెలుసు. స్క్రీను పెట్టేటట్టయితే బర్త్‌డే ఫొటోల బదులు ఆ మాటలు వినిపించండి, ఆమె గొంతుతో. చెప్పేటప్పుడు ఏళ్ళు తారుమారు చేస్తే సరిదిద్దవద్దు, మాట ఆగిపోతుంది. ఏడిస్తే ఫోను పక్కన పెట్టెయ్.

మిగతావి గబగబా చెప్తా. చీర తేలికైనది, వెంకటగిరి నూలు, సన్న జరీ అంచుది కొను, పట్టు ఆమెకు బరువు. స్టేజీ మెట్లు వద్దు, కింద నేల మీదే మామూలు కుర్చీ, వెనక దిండు. వెస్ట్రన్ కమోడ్ ఉందో లేదో నువ్వే స్వయంగా చూసి రా, ఎవరి మాటా నమ్మకు. పన్నెండున్నరకు ఆమె అన్నం తినాలి, ఎవరొచ్చినా సరే. మొక్కేవాళ్ళకు గంటసేపు అని ముందే చెప్పండి. శాలువాలు తేవద్దని కార్డులోనే వెయ్యండి. వెండి కిరీటం డబ్బుతో ఆమె బాత్రూమ్‌లో పట్టుకునే కమ్మీలు వేయించి, కళ్ళు చూపించి కొత్త అద్దాలు, చెవి మిషను పెట్టించండి. పండగకు ముందే పెట్టించాలి, అప్పుడే ఆ రోజు మాటలు వినపడతాయి.

వీలుంటే ఒక పూట ఆమెను పుట్టినూరికి తీసుకెళ్ళు. అన్నదమ్ములు లేరు, ఇల్లు అమ్మేశారు, నాకు తెలుసు. అయినా తీసుకెళ్ళు. దోవలో శనివారమైతే మాలకొండ పడుతుందంటారు మీ నాన్న, ఆ గుడి వారానికి ఆ ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి జనం విపరీతం, ఆమె తట్టుకోలేదు, గుడి ఇంకోసారి చూసుకోవచ్చు. ఊరి చెరువుగట్టు మీద కారు ఆపి, తలుపు తీసి, ఆమె ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనివ్వు. నువ్వేం మాట్లాడకు.

చివరగా, ఫంక్షన్ అయిన మర్నాడు పొద్దున్నే అందరికీ బెంగళూరు బస్సు టికెట్లు తీశారని మీ అమ్మ చెప్పింది. అవి రద్దు చేయించు. అంత సందడి అయ్యాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోతే ఆ మంచం మీద ఆమె ఒక్కతే మిగులుతుంది. కనీసం నువ్వన్నా రెండు రోజులుండు. పులుసు ఉంటుంది, వచ్చినవాళ్ళ గురించి చెప్పుకోవాల్సినవి ఉంటాయి, ఫొటోలు ఒక్కొక్కటి చూపిస్తూ ఇదెవరు అదెవరు అని అడగడానికి తీరిక ఉంటుంది. నేను కూడా ఉంటాను. ఈ ఆదివారం ఊరికి పోయి నాయనమ్మ చెప్పిన పేర్లు రాసుకుని నాకు ఫోన్ చెయ్యి, కావలి వైపు ఎవరైనా ఉంటే వాళ్ళను నేను తీసుకొస్తా.

మీ పెద్దమ్మ