ఇంటి పక్కన మురుగుశుద్ధి కేంద్రం వస్తే చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు. మా కాలనీకీ చెరువు కట్టకీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో మురుగుశుద్ధి కేంద్రం, అదే ఎస్టీపీ, కడుతున్నారు. నాలుగు నెలల కింద చుట్టూ రేకులు పాతి తవ్వకం మొదలుపెట్టారు. ఎవరూ మమ్మల్ని అడగలేదు, ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగలేదు. ఆ జాగాలో కొంత మా లేఅవుట్‌లో పార్కుగా చూపించిందేనని పాత ప్లాట్ల వాళ్లు అంటున్నారు. కంపు, దోమలు వస్తాయని అందరికీ భయంగా ఉంది. చెరువు దిగువన ధోబీఘాట్, గడ్డి మడులు కూడా ఉన్నాయి. పర్యావరణ అనుమతి లేకుండా ఇలా కట్టవచ్చా? సివిల్ కోర్టుకు వెళ్తే స్టే వస్తుందా? (మేడ్చల్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు ఆశ పెట్టుకున్న రెండు దారులూ దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. ఆ మాట ముందే చెప్పేస్తే మీకు కాలం కలిసొస్తుంది. వేరే దారులు ఉన్నాయి, అవి బలమైనవి కూడా. కానీ వాటిలో ముఖ్యమైనదానికి ఇక రెండు నెలలే గడువుంది.

మొదట పర్యావరణ అనుమతి సంగతి. ఏ ప్రాజెక్టుకు ముందస్తు అనుమతి కావాలో, దేనికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలో చెప్పేది 2006 సెప్టెంబర్ 14న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా, నోటిఫికేషన్. దాని జాబితాలో ఫ్యాక్టరీల వ్యర్థజలాలను ఉమ్మడిగా శుద్ధి చేసే ప్లాంట్లు ఉన్నాయి, చెత్త శుద్ధి కేంద్రాలు ఉన్నాయి, ఇరవై వేల చదరపు మీటర్లు దాటిన భవనాలు ఉన్నాయి. ఊరి మురుగును శుద్ధి చేసే కేంద్రం మాత్రం లేదు. మురుగుశుద్ధి పర్యావరణానికి మేలు చేసే పనే కదా అన్న ఆలోచన దీని వెనక ఉంది. నా మట్టుకు నాకు ఇది లోపంగానే కనిపిస్తుంది. రోజుకు కోట్ల లీటర్ల మురుగు వచ్చి చేరే చోటు చుట్టుపక్కల వాళ్ల మీద ఏ ప్రభావం చూపుతుందో ముందుగా లెక్కగట్టాల్సిన పని లేదనడం సబబు కాదు. కానీ ఉన్న చట్టం అది. 'ఈఐఏ చేయలేదు కాబట్టి ఆపండి' అని మాత్రమే రాసుకుని వెళ్తే మీ పిటిషన్ మొదటి వాయిదాలోనే బలహీనపడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కేంద్రానికి ఫ్యాక్టరీల వ్యర్థజలాలు కూడా వచ్చేట్టయితే వ్యవహారం మారుతుంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నీటిని పద్దెనిమిది కిలోమీటర్ల పైపులైనుతో అంబర్‌పేట ఎస్టీపీ దాకా తెచ్చిన సంగతి మన నగరం ఎరిగినదే. మీ నాలాలో పైనెక్కడైనా పారిశ్రామిక వాడ కలుస్తోందేమో కనుక్కోండి.

ఇక సివిల్ కోర్టు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి 41వ సెక్షన్‌లో కొత్త క్లాజు చేర్చారు. మౌలిక వసతుల ప్రాజెక్టుకు అడ్డు తగిలే, ఆలస్యం చేసే ఇంజంక్షన్, అంటే పని ఆపే ఉత్తర్వు, ఇవ్వకూడదని దాని సారాంశం. ఏవి మౌలిక వసతులో చెప్పే షెడ్యూల్‌లో మురుగు సేకరణ, శుద్ధి, తరలింపు వ్యవస్థలు పేరు పెట్టి ఉన్నాయి. పైగా జాతీయ హరిత ట్రిబ్యునల్, అంటే ఎన్జీటీ, వినే వివాదాలను సివిల్ కోర్టు వినకూడదని ఎన్జీటీ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. మీ మేలు కోరే ఎవరైనా వకీలు జిల్లా కోర్టులో దావా వేద్దామంటే ఈ రెండు సెక్షన్లూ చూపించి అడగండి.

అయితే మరేం చేయాలి? మీ ఉత్తరంలో మీరు పక్క మాటగా రాసిన పార్కు సంగతే నా దృష్టిలో అసలు విషయం. లేఅవుట్‌లో పార్కుగా చూపి వదిలిన జాగాను ఇష్టం వచ్చిన దానికి మార్చేయడం కుదరదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఒక ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం కేటాయించిన కేసు అది. ఆసుపత్రి మంచి పనే కదా అన్న సమర్థన అక్కడ నిలవలేదు. అదే తర్కం మీకూ పనికొస్తుంది. ఆమోదం పొందిన లేఅవుట్ కాపీని సంపాదించి, తవ్వుతున్న జాగా పార్కులోకి ఎన్ని గజాలు వచ్చిందో సర్వేయర్‌తో కొలిపించండి. కొలత లేకుండా 'అంటున్నారు' అనే మాటతో హైకోర్టులో రిట్ వేయవద్దు. కొలత ఉంటే రాజ్యాంగం 226వ అధికరణ కింద వేసే రిట్‌కు బలం వస్తుంది.

దానితో పాటే చెరువు హద్దు చూడాలి. 2012 నాటి భవన నిబంధనలు, అంటే జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలి. ఎస్టీపీలు పల్లంలోనే కట్టాలి, లేకపోతే మురుగు దానంతటది పారిరాదు. అందుకే అవి తరచూ చెరువు అంచునే వస్తుంటాయి. కానీ పల్లం కావడం వేరు, చెరువు శిఖంలోకి, అంటే నీళ్లు నిలిచే జాగాలోకి, దూరడం వేరు. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం, చూపే మ్యాపు మీద ఈ కేంద్రం ఎక్కడ పడుతుందో అధికారులే గీసి చూపించాలని అడగండి. హిమాయత్‌సాగర్ పరీవాహకంలో నూనె పరిశ్రమ పెట్టాలన్న కేసులో 1999లో సుప్రీంకోర్టు, ఉన్న పరిస్థితిని మార్చాలనుకునేవాళ్లే దానివల్ల హాని లేదని రుజువు చేయాలని చెప్పింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్, మన ఈ జంట జలాశయాల పుణ్యమా అని దేశమంతటికీ దక్కిన సూత్రం అది.

ఈఐఏ లేకపోయినా ఎస్టీపీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పదు. 1974 జల కాలుష్య చట్టం 25వ సెక్షన్ కింద కట్టే ముందు ఒక కన్సెంట్, నడిపే ముందు ఇంకొకటి తీసుకోవాలి. ఆ కన్సెంట్‌లో పెట్టిన షరతులన్నీ ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచాలని, ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని చూడవచ్చని అదే సెక్షన్ ఆరో ఉపవిభాగం చెబుతోంది. ఈ హక్కు సంగతి చాలామంది వకీళ్లకే గుర్తుండదు. పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమనండి. కన్సెంట్ లేకుండానే తవ్వుతుంటే మీ కేసు సగం గెలిచినట్టే. కన్సెంట్ ఉంటే దాని మీద ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకునే వీలు 28వ సెక్షన్‌లో ఉంది. నొచ్చుకున్న వ్యక్తి ఎవరైనా అప్పీలు చేయవచ్చని ఆ సెక్షన్ మాట. దరఖాస్తుదారే చేయాలని అందులో లేదు.

కన్సెంట్ చేతికొచ్చాక అందులో ఏం చూడాలి? శుద్ధి అయి బయటికొచ్చే నీటికి ఏ ప్రమాణం పెట్టారో చూడండి. 2017 అక్టోబర్ 13న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ మహానగరాల్లో బీఓడీ (నీటిలో మిగిలిన సేంద్రియ మలినాన్ని చెప్పే కొలత) లీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంది, నత్రజని, భాస్వరం ఊసెత్తలేదు. 2019 ఏప్రిల్ 30న ఎన్జీటీ దాన్ని తప్పుబట్టి బీఓడీ 10, మొత్తం నత్రజని 10, భాస్వరం 1 దాటకూడదని ఆదేశించింది. చెరువు ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ చివరి రెండూ ప్రాణం. బీఓడీ తగ్గి నీళ్లు తేటగా కనిపించినా భాస్వరం మిగిలితే ఆ చెరువు నిండా గుర్రపుడెక్క కమ్మేస్తుంది, దాని కింద దోమలు పెరుగుతాయి. మీ దోమల భయానికి అసలు జవాబు ఆ అంకెలోనే ఉంది.

కంపు సంగతికొస్తే, నేను చూసిన కేంద్రాల్లో అది అన్ని వైపుల నుంచీ రాదు. మురుగు మొదట వచ్చి పడి చెత్తను జల్లెడ పట్టే గది, ఇసుక దిగే తొట్టె, చివర బురద నీళ్లు పిండే చోటు, ఈ మూడే ప్రధానం. మన నగరంలో ఎక్కువగా కడుతున్న ఎస్‌బీఆర్ పద్ధతిలో ఒకే తొట్టెలో నింపడం, గాలి కొట్టడం, తేర్చడం వంతులవారీగా జరుగుతాయి. గాలి కొట్టే బ్లోయర్లు కరెంటు లేక కొన్ని గంటలు ఆగితే లోపల ప్రాణవాయువు అయిపోయి కుళ్లు వాసన లేస్తుంది. అందుకే మీ వినతిలో 'కంపు రాకూడదు' అని రాస్తే చాలదు. ఆ మూడు చోట్లా మూత, వాసన పీల్చే బయోఫిల్టర్, బ్లోయర్లకు సరిపడా జనరేటర్, బురద లారీలు తిరిగే వేళలు, బురద చివరికి ఎక్కడికి వెళ్తుందో, ఇవి పేరుపేరునా అడగండి. బ్లోయర్ల మోతకు కూడా హద్దుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు.

సామాజిక ప్రభావం అంచనా గురించి విడిగా అడగకపోయినా చెప్పాలి. 2013 భూసేకరణ చట్టం కింద పట్టా భూమి తీసుకుంటేనే ఆ అధ్యయనం, బహిరంగ విచారణ వస్తాయి. కొన్ని రకాల ప్రాజెక్టులకు దాన్ని మినహాయించే వీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తమ సవరణల్లో పెట్టుకున్నాయి కూడా. మీ దగ్గర జాగా ప్రభుత్వానిదైతే ఆ చట్టం అందదు. విదేశీ బ్యాంకు అప్పుతో కట్టేవాటికి మాత్రం ఆ బ్యాంకు సొంత నిబంధనల ప్రకారం పర్యావరణ, సామాజిక అంచనా తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల మంచినీరు, సెప్టేజ్ (సెప్టిక్ ట్యాంకుల మురుగు) పనులకు ఏఐఐబీ, అంటే ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు, అప్పిచ్చింది. అలాంటి చోట ఉన్న పాఠకులు ఆ నివేదిక కాపీ అడిగి తీసుకోవచ్చు.

మీ విషయంలో చట్టం అడగకపోయినా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. శుద్ధి చేసిన నీటిని చెరువులోకే వదులుతారా, పైపు వేసి ఎక్కడికో తీసుకుపోతారా? ఇవాళ నాలా నీటితోనే దిగువన గడ్డి పెరుగుతోంది, దాన్ని కోసి అమ్ముకునే కుటుంబాలు ఉన్నాయి. మూసీ వెంట మైళ్ల కొద్దీ ఇదే బతుకు. నీరు దారి మళ్లితే ముందు ఎండేది వాళ్ల మడులే. కాలనీ సంఘం అర్జీలో ధోబీఘాట్ వాళ్ల పేర్లు, గడ్డి మడుల వాళ్ల పేర్లు కూడా ఉండాలి. ఇళ్ల ధరల గోడు మాత్రమే రాసిన అర్జీకీ, బతుకుతెరువు పోయేవాళ్ల సంతకాలున్న అర్జీకీ ట్రిబ్యునల్ ముందు తేడా ఉంటుంది. అది న్యాయంగా కూడా ఉంటుంది.

కేంద్రంలో పనిచేసేవాళ్లనూ మరవద్దు. మనుషుల్ని రక్షణ లేకుండా మురుగు గుంటల్లోకి దింపడాన్ని పాకీపని నిషేధానికి తెచ్చిన 2013 చట్టం నేరం చేసింది. అలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. యంత్రాలతోనే శుభ్రం చేయాలన్న షరతు నిర్వహణ ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

ఇంకొక్క మాట, మీకు నచ్చకపోవచ్చు. ఈ కేంద్రం అసలు వద్దనడానికి నేను మీ వైపు నిలబడలేను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశ పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మిలియన్ లీటర్లే. మిగతాదంతా మీ చెరువులాంటి చెరువుల్లోకే. హైదరాబాద్‌లో 3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు తలపెట్టింది అందుకే. మీ ఇంటి మురుగు కూడా ఇవాళ ఆ నాలాలోనే ఉంది. చోటు సరైనదేనా, కట్టాక సరిగ్గా నడుస్తుందా అన్న పోరాటానికి మాత్రం పూర్తిగా మీతో ఉంటాను. నడపడానికి డబ్బు లేదనే సాకు కూడా చెల్లదు. రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకును తోసిపుచ్చింది. కేంద్రం నడిచాక కంపు మొదలైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. పాత సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 133వ సెక్షనే ఇప్పుడు ఆ నంబరుతో వచ్చింది.

ఇక గడువు. ఎన్జీటీ చట్టం 14వ సెక్షన్ ప్రకారం వివాద కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో అరవై రోజులు ఇవ్వవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. తవ్వకం మొదలైన రోజు నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది రెండు నెలలు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలకూ ఎన్జీటీ బెంచి చెన్నైలోని దక్షిణ మండల బెంచే. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా.

తేదీ ఉన్న ఫొటోలు జాగ్రత్త చేయండి. సమాచార హక్కు దరఖాస్తు ఈ వారమే వేయండి. ప్రాజెక్టు నివేదిక, కన్సెంట్ కాపీ, నిర్వహణ ఒప్పందం కట్టే సంస్థ నుంచి, ఎఫ్‌టీఎల్ మ్యాపు, లేఅవుట్ ప్లాను హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నుంచి అడగండి. కాగితాలే కాదు, పని జరిగే చోటుకి వెళ్లి చూసే హక్కు, నమూనాలు తీసుకునే హక్కు కూడా ఆ చట్టం ఇస్తుంది. జవాబు రావడానికి ముప్ఫై రోజులు పడితే, ఎన్జీటీకి వెళ్లడానికి మీకు ఇంకో ముప్ఫై రోజులు ఉంటాయి.