మిథనాల్ ఉత్ప్రేరకం త్వరగా మందగించడానికి కారణం నీరేనా?

సహజవాయువు నుంచి మిథనాల్ తయారు చేసే కర్మాగారాలలో ఏళ్ల తరబడి పనిచేసే రాగి–జింక్ ఆక్సైడ్–అల్యూమినా ఉత్ప్రేరకం, సంగ్రహించిన కార్బన్ డయాక్సైడ్‌ను, హైడ్రోజన్‌ను పంపినప్పుడు ఎందుకు త్వరగా చురుకుదనం కోల్పోతుందని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా నేను ఇదే చిక్కుతో చాలా నెలలు గడిపాను. నా అనుభవం ప్రకారం, ముందుగా అనుమానించవలసినది నీటిని.

కార్బన్ మోనాక్సైడ్‌తో రెండు హైడ్రోజన్ అణువులు కలిస్తే మిథనాల్ మాత్రమే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు మూడు కావాలి. పైగా ప్రతి మిథనాల్ అణువుతోపాటు ఒక నీటి అణువు పుడుతుంది. పక్కనే జరిగే మరో చర్యలో కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు ఇంకొంత నీరు చేరుతుంది. 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 50 బార్ల పీడనంలో ఆ ఆవిరి నానో పరిమాణపు రాగి రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవి కావడానికి తోడ్పడుతుంది, దాంతో చర్య జరిగే ఉపరితలం తగ్గిపోతుంది.

నేను మొదట గంధకాన్ని నిందించాను. రాగికి అది విషమే, పొగగొట్టపు వాయువును వాడేవారు దానిని ముందే తొలగించాలి. కానీ నేను వాడినది శుద్ధమైన సిలిండర్ వాయువు. దిగుబడి తగ్గినప్పుడల్లా ఉష్ణోగ్రత పెంచడం నేను చేసిన అసలు పొరపాటు. మిథనాల్ చర్య ఉష్ణమోచకం కాబట్టి వేడి పెరిగితే సమతాస్థితి ప్రతికూలమవుతుంది, ఉష్ణగ్రాహకమైన పక్క చర్య బలపడుతుంది, రేణువులు మరింత వేగంగా అతుక్కుంటాయి. చివరకు వాడిన పొడిని ఎక్స్-రే వివర్తనంతో (స్ఫటికాల నుంచి ఎక్స్-కిరణాలు చెదిరే తీరును కొలిచే పద్ధతితో) పరీక్షించినప్పుడు, తాజా నమూనా గ్రాఫులో పొట్టిగా, వెడల్పుగా ఉన్న రాగి శిఖరాలు సన్నగా, నిటారుగా కనిపించాయి. స్ఫటికాలు పెరిగాయనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఈ చిక్కు ఉన్నంత మాత్రాన పని ఆగిపోదు. ఐస్‌లాండ్‌లోని స్వార్ట్‌సెంగీలో కార్బన్ డయాక్సైడ్ నుంచి మిథనాల్ తయారీకి 2012లో మొదలైన జార్జ్ ఓలా కర్మాగారం సామర్థ్యాన్ని 2015లో ఏటా సుమారు 4,000 టన్నులకు పెంచారు. ఒక్కో దఫాలో తక్కువ మార్పిడితో (చర్యలో ఖర్చయ్యే కార్బన్ డయాక్సైడ్ వాటాతో) సరిపెట్టుకుని, మిథనాల్‌ను, నీటిని చల్లబరిచి వేరుచేసి, మిగిలిన వాయువును తిరిగి పంపడం ఒక మార్గం. రాగికి బదులు, జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) ఆధారంపై పరచిన ఇండియం ఆక్సైడ్ ఉత్ప్రేరకాన్ని వాడడం మరొకటి. ఆ ఉత్ప్రేరకం సుమారు 300 డిగ్రీల దగ్గర కూడా మిథనాల్ వైపే ఎక్కువగా మొగ్గుతుంది, అయితే తక్కువ ఉష్ణోగ్రతల్లో రాగి అంత చురుకైనది కాదు. ఈ రెండు ఉత్ప్రేరకాలనూ పోల్చదలిస్తే, మార్పిడి శాతం సమానంగా ఉండేలా వాయు ప్రవాహాన్ని సర్ది, ఆ తరువాతే సెలెక్టివిటీ (మారిన కార్బన్ డయాక్సైడ్‌లో మిథనాల్ అయిన వాటా) అంకెలను పక్కపక్కన పెట్టండి.