జంప్‌కు ముందు రెండు సెకన్లు

అమ్మాయీ,

ఫిగర్ స్కేటింగ్‌లో జంపుల వల్ల కళ పోతోందని నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. "నేథన్ చెన్ అథ్లెట్, జేసన్ బ్రౌన్ ఆర్టిస్ట్" అని రాశావు చూడు, అక్కడ. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను. కోపం నీ మీద కాదు. ఇదే వాక్యాన్ని పేర్లు మార్చి ఏళ్ల తరబడి చదువుతున్నాను. 2010లో అమెరికా లైసాచెక్ ఆర్టిస్ట్, రష్యా ప్లుషెంకో అథ్లెట్. 2018లో జపాన్ హన్యూ ఆర్టిస్ట్, చెన్ అథ్లెట్. ఇలియా మాలినిన్ వచ్చి క్వాడ్ ఆక్సెల్, అంటే గాలిలో నాలుగున్నర చుట్ల జంప్, చేసి దిగేసరికి, అదే చెన్‌లో కళ కనిపించడం మొదలైంది చాలామందికి. పక్కన నిలబెట్టిన మనిషి మారితే ఇతను ఆర్టిస్ట్ అయిపోయాడు! ఇలాంటి మాటను నువ్వు నీ వ్యాసానికి పునాదిగా వేసుకున్నావు.

బ్రౌన్ ఒంటికాలి మీద జారుతూ రెండో కాలు తల ఎత్తుకు లేపే చోట నువ్వు రాసిన నాలుగు వాక్యాలు బాగున్నాయి. వాటిని ముట్టుకోకు.

ఇక అసలు సంగతి. వ్యాసమంతా క్వాడ్ల మీద, అంటే నాలుగు చుట్ల జంపుల మీద, ఫిర్యాదే, కానీ ఒక్క క్వాడ్‌నైనా నువ్వు చూసినట్టు నాకు అనిపించలేదు. "గాలిలోకి ఎగిరి నాలుగు చుట్లు తిరిగాడు" అని రాసి వదిలేశావు. ఆ నాలుగు చుట్లకు సెకనులో ముప్పావు వంతు కూడా పట్టదు. అందులో కంటికి ఆనేది చాలా తక్కువ. చూడాల్సింది దానికి ముందున్న రెండు సెకన్లు, దిగిన తర్వాతి ఒక సెకను. క్వాడ్ లట్జ్ అనే జంప్ తీసుకో. ఎడమ కాలి బ్లేడు బయటి అంచు మీద వెనక్కి జారుతూ వస్తాడు. ఒంటి బరువు ఒక దిక్కుకు వంపు తిరుగుతుంటే తాను తిరగాల్సింది దానికి ఎదురు దిక్కు. కుడి కాలి బ్లేడు ముందు పళ్లు మంచులో గుచ్చి లేస్తాడు. ఆ ఆఖరి క్షణంలో బ్లేడు లోపలి అంచుకు ఒరిగిందా, అది లట్జ్ కాదు, ఫ్లిప్ అనే ఇంకో జంప్‌కు దగ్గర బంధువు. చాలామంది ఈ భయంతోనే రింక్ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ, చేతులు బిగబట్టుకుని, ఊరికే జారుతూ పోతారు. పాట నడుస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం పాటలో ఉండడు. కళ పోయేది అక్కడమ్మా. గాలిలో కాదు.

హన్యూ మంచి రోజున చేసిన ట్రిపుల్ ఆక్సెల్, మూడున్నర చుట్ల జంప్, చూడు. వెనక్కి జారుతూనే కౌంటర్ అనే మలుపు తిరిగి, ఆ మలుపులోంచే లేస్తాడు. దిగిన కాలి మీదే ట్విజిల్‌లోకి, అంటే జారుతూనే గిర్రున తిరగడంలోకి, వెళ్లిపోతాడు. జంప్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించలేవు. అది అథ్లెట్ పనా, ఆర్టిస్ట్ పనా? ఈ ప్రశ్నకు అర్థం లేదని నీకు వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నానని రాశావు కదా. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి కదిలేటప్పుడు, కాళ్లది కసరత్తు, ముఖానిది మాత్రమే నాట్యం అని మీ గురువుగారు ఎప్పుడైనా అన్నారా?

2010 వాంకూవర్ ఒలింపిక్స్ గురించి నువ్వు రాసిన పేరా పూర్తిగా కొట్టేశాను. క్వాడ్ లేని లైసాచెక్ చేతిలో క్వాడ్ చేసిన ప్లుషెంకో ఓడాడు, అంటే కళ గెలిచింది అన్నావు. జడ్జీల షీటు తెరిచి చూశావా? ఫ్రీ ప్రోగ్రామ్‌లో, అంటే రెండో, పెద్ద ప్రదర్శనలో, ఇద్దరికీ కాంపొనెంట్ మార్కులు, అంటే కళకు వేసే మార్కులు, సరిగ్గా 82.80. కళ లెక్కలో నూరో వంతు తేడా కూడా లేదు. లైసాచెక్ గెలిచింది టెక్నికల్ మార్కుల్లో, అంటే జంపులు, స్పిన్నుల లాంటివాటికి వేసే మార్కుల్లో: అతనికి 84.57, ప్లుషెంకోకు 82.71. అంతకుముందు జరిగిన చిన్న ప్రదర్శన, షార్ట్ ప్రోగ్రామ్‌లో ప్లుషెంకోకు ఉన్న 0.55 ఆధిక్యం పోగా మిగిలిన తేడా 1.31. క్వాడ్ లేనివాడు టెక్నికల్ లెక్కలోనే నెగ్గాడు. ప్రోగ్రామ్ రెండో సగంలో చేసే జంపులకు అప్పట్లో పది శాతం అదనం ఉండేది. లైసాచెక్ అటువైపు ఎక్కువ జంపులు పెట్టుకున్నాడు, శుభ్రంగా దిగాడు. ప్లుషెంకో చాలాచోట్ల గాలిలో పక్కకు ఒరిగి, ఎలాగోలా నిలబడ్డాడు. క్వాడ్ లేకపోతే అది పురుషుల స్కేటింగే కాదన్నట్టు అతను తర్వాత మాట్లాడాడు. అవతలివాళ్లు కళ గెలిచిందని సంబరపడ్డారు. రెండు వైపులవాళ్లూ షీటు చూడలేదు.

ఈ సంగతి నేను ఆ రోజే రాశాను. మన టైము ప్రకారం 19 ఫిబ్రవరి ఉదయం అది. నైట్ డ్యూటీ చేసి వచ్చి, పడుకోకుండా ఫ్రీ ప్రోగ్రామ్ అంతా చూసి, మధ్యాహ్నానికల్లా వ్యాసం ఇచ్చాను. 82.80 అంకె మొదటి పేరాలోనే పెట్టాను. మా పత్రిక డెస్క్ పెద్దాయన "మంచు ఎక్కడుందయ్యా మన దగ్గర, ఈ పాయింట్లు ఎవరు చదువుతారు" అని ఆ పేరా తీసేశాడు. మిగిలిన ముక్కకు "క్వాడ్‌పై కళ విజయం" అని శీర్షిక పెట్టాడు. నా పేరు కింద నేను కాదన్న మాటే అచ్చయింది. సవరణ వేయమని అడిగితే, చూద్దాంలే అన్నారు. ఇంకో ఐదు రోజులకు గ్వాలియర్‌లో సచిన్ 200 కొట్టాడు, ఇక పేజీల్లో దేనికీ చోటు లేదు. సచిన్ మీద నాకేం ఫిర్యాదు లేదు, ఆ రోజు నేనూ గంతులేశాను. కానీ ఆ శీర్షిక తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు మరీ ముదిరారు. స్కేటింగ్ ఫొటో కనిపిస్తే చాలు, "మంచుపై మాయాజాలం", "హిమ నర్తనం". నువ్వూ "మంచు మీద కవిత్వం" అన్నావు, మూడుసార్లు. మూడూ తీసెయ్. ఆ మాట రాసినవాడు కాళ్లు చూడలేదని నాకు వెంటనే తెలిసిపోతుంది.

తీర్పులో అన్యాయం లేదని నేను అనడం లేదు. ఉంది, నువ్వు చూపించిన చోట లేదు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో షార్ట్ ప్రోగ్రామ్ పాడైపోయి 17వ స్థానంలో ఉన్న చెన్, ఫ్రీలో ఆరు క్వాడ్లు ప్రయత్నించాడు. టెక్నికల్ 127.64, కాంపొనెంట్లు 87.44. బంగారు పతకం గెలిచిన హన్యూకు ఆ ఫ్రీలో 109.55, 96.62. సరే. నాలుగేళ్ల తర్వాత బీజింగ్ ఒలింపిక్స్‌లో చెన్ ఫ్రీ కాంపొనెంట్లు 97.22. దాదాపు పది మార్కులు పెరిగాయి. చెన్ ఎదిగాడు, నిజం. చేతుల్లో, నడుములో, పాట వినడంలో బాగా ఎదిగాడు. కానీ ఆ పదిలో ఎంత అతను ఎదిగినందుకు, ఎంత జంపులన్నీ దిగుతాడన్న పేరుకు? తొమ్మిది మంది జడ్జీల్లో ఎవరినైనా నిలదీస్తే విడదీసి చెప్పగలరా? చెప్పలేరు. నాలుగు నిమిషాల్లో జంపులు, స్పిన్నులు, అడుగుల వరుసలు కలిపి పన్నెండు ఎలిమెంట్లు, అంటే సగటున ఇరవై సెకన్లకు ఒకటి. ప్రతిదానికీ, ఎంత బాగా చేశాడన్నదానికి, మైనస్ ఐదు నుంచి ప్లస్ ఐదు దాకా గ్రేడ్ నొక్కాలి. ఆ మనిషే, ఆ నాలుగు నిమిషాల్లోనే, కూర్పు ఎలా ఉంది, పాటతో కలిశాడా, అంచులు ఎంత లోతుగా ఉన్నాయి అని కూడా చూడాలి. వేలు బటన్ మీద ఉన్నప్పుడు కన్ను ఎక్కడుంటుంది? గ్రేడ్లు వేసేవాళ్లు వేరు, కాంపొనెంట్లు వేసేవాళ్లు వేరు ఉండాలన్న వాదన ఎప్పటి నుంచో నలుగుతోంది. నేను ఆ పక్షమే. నీ వ్యాసంలో దీని మీద ఒక్క మాట లేదు.

ఇంకొకటి. 2018 ఒలింపిక్స్ తర్వాత క్వాడ్ల ధర, అంటే జంప్ మూల విలువ, తగ్గించారు, క్వాడ్ లట్జ్ 13.6 నుంచి 11.5కు దిగింది. కళకు మేలు జరిగిందని నువ్వూ రాశావు. అదే ఏడు గ్రేడ్‌ను జంప్ మూల విలువలో శాతంగా మార్చారు, ఒక్కో గ్రేడ్‌కు పది శాతం. ఇప్పుడు లెక్క వెయ్యి. క్వాడ్ లట్జ్ అత్యద్భుతంగా చేస్తే అందానికి వచ్చేది 5.75. ట్రిపుల్ లట్జ్ అంతే అద్భుతంగా, అదే మలుపులోంచి లేచి, అదే నిశ్శబ్దంతో దిగితే 2.95. ఒకే అందం, సగం ధర. పైగా ఫ్రీలో కాంపొనెంట్లకు నూరు దగ్గర గోడ ఉంది, టెక్నికల్‌కు ఏ గోడా లేదు. బ్రౌన్ బీజింగ్‌లో ఆరో స్థానంలో ఎందుకు ఆగిపోయాడో ఇందులో ఉంది. లోకానికి కళ పట్టదు అని నిట్టూర్చి ఊరుకోకు. ఇది మనుషులు కూర్చుని రాసుకున్న పట్టిక, మళ్లీ కూర్చుని మార్చుకోవచ్చు. ట్రిపుల్‌కూ క్వాడ్‌కూ గ్రేడ్ విలువ ఒకటే ఉండాలని అడుగు. గట్టిగా అడుగు, అంకెలతో అడుగు. కళాభిమానులు కన్నీళ్లు పెట్టుకుంటారే తప్ప కూడికలు చేయరని జంపుల పక్షంవాళ్లకు మహా ధీమా.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అది తర్వాత చూద్దాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఇది. బీజింగ్ ఫ్రీ ప్రోగ్రామ్‌లు రెండు, బ్రౌన్‌ది, చెన్‌ది, ముందు ధ్వని ఆపేసి చూడు. ఒక్కోదానికి రెండు పేజీలు రాయి. కాళ్లు, భుజాలు, బ్లేడు అంచులు మాత్రమే ఉండాలి. "అందం", "కళ", "మాయ" అన్న మాటలు ఎక్కడా రాకూడదు. తర్వాత పాటతో చూసి, ముందు రాసినదానిలో ఏది తప్పో పక్కన రాసుకో. ఆ తర్వాతే జడ్జీల షీటు తెరువు. మూడూ కలిపి నెలాఖరులోగా నాకు పంపు. అక్షరాలు కొంచెం పెద్ద సైజులో ప్రింటు తీయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి